హాజీ అలీ దర్గా సందర్శనము

దేవుని సన్నిధికి తిథివారములు చూచుకొని పోవుట మనకు పరిపాటియే. కాని సముద్రుని పోటుపాటులు చూచుకొని పోవలసిన సన్నిధియు నొకటి కలదని 2024వ సంవత్సరపు వేసవివరకు మేమెరుగము. బొంబాయి పట్టణమున, వర్లీకిని మహాలక్ష్మికిని నడుమ, ఒడ్డునకు దాదాపు 500 గజముల దూరమున సముద్రములో నొక రాతిదిబ్బ కలదు. దానిపైనున్నవి హాజీ అలీ దర్గాయు, ఆ ఆవరణములోనే యున్న మసీదును. ఒడ్డునుండి అచ్చటికి సన్నని రాతికట్ట యొకటి పోవును. పాటువేళ అది బాట. పోటువేళ అది సముద్రము. ఆ పట్టణమునకు 1995లో ముంబయి యని పేరు మార్చిరి గాని, మా ఇంట నింకను బొంబాయియే. సోదరీమణులు మన్నింతురు గాక.

మేము వేడుక చూడబోయిన వారమే. మా అత్తగారు మాత్రము మ్రొక్కు తీర్చుకొనబోయిరి. ఆ మ్రొక్కునకు అప్పటికి పదియేండ్లు.

మా వదినగారు వర్లీలో కాపురముండి ఇరువదియేండ్లు గడచినవి. ఆ ప్రాంతమున తెలుగువారికి కొదువలేదు. బొంబాయి బట్టలమిల్లులు మంచిస్థితిలో నున్న కాలమున తెలంగాణమునుండి పద్మశాలీలు కుటుంబములు కుటుంబములుగా తరలిపోయి వర్లీ, పరేలు ప్రాంతములలో నిలిచిరి. 1982 జనవరి 18న మొదలైన మిల్లుపనివారి సమ్మె పిమ్మట ఆ మిల్లులు చాలవరకు మూతపడినవి. ఐనను ఆ వీధులలో కూరలబండి దగ్గర తెలుగుమాట ఇప్పటికిని వినబడును. కామాటిపుర మను పేటకు ఆ పేరు వచ్చినదియు మన తెలుగు కామాటీల వలననే.

2014లో వదినగారి కుమారునికి ఏడేండ్ల ప్రాయమున డెంగీజ్వరము తగిలినది. నెత్తురుపరీక్షలో లెక్క దినదినమును దిగజారుచుండగా వైద్యులు “రేపు చూతము” అనుచుండిరి. అప్పుడు అత్తగారును అచ్చటనే యుండిరి. వదినగారి పొరుగువాటాలో నొక ముసల్మాను గృహిణి కలదు. చిన్నలు పెద్దలు అందరును ఆమెను ఖాలా అని పిలుతురు, అనగా పినతల్లి. ఆమె ఒకనాటిరేయి ఆసుపత్రి వసారాలో వీరి నడుమ కూర్చుండి, హాజీ అలీ బాబాకు చాదరు మ్రొక్కుకొమ్మని చెప్పెనట. అత్తగారు తెల్లవారగనే పసుపుగుడ్డలో ఐదువందల రూపాయల నోట్లు రెండును, ఒక రూపాయి నాణెమును పెట్టి ముడుపు కట్టిరి. “మనవడు తేరుకుంటే నేనూ నా కూతురూ మా చేతులతో తెచ్చి ఇచ్చుకుంటాము” అని మ్రొక్కిరి. పిల్లవాడు తేరుకొనెను. ఇప్పుడు వానికి పదునేడేండ్లు. మాకంటె జానెడు పొడుగు.

హిందూగృహిణి గోరీకి మ్రొక్కుట యేమని కొందరు సోదరీమణులకు తోచవచ్చును. నెల్లూరివారికి ఇది వింతకాదు. మా యూర స్వర్ణాలచెరువు గట్టున బారాషహీద్ దర్గా కలదు. అచ్చట పన్నిద్దరు వీరుల గోరీలున్నవి. మొహర్రము మాసమున జరుగు రొట్టెలపండుగకు ఏయేడు కాయేడు ఎన్నడెన్నడో ఎరుగని యూళ్ళనుండి జనము వత్తురు. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి, చెరువునీటిలో నిలిచి, అదే కోరిక గలవారికి ఇత్తురు. విద్యరొట్టె, పెండ్లిరొట్టె, ఆరోగ్యరొట్టె, సంతానరొట్టె అని వానికి పేరులు. పుచ్చుకొన్నవారు తమ కోరిక తీరిన పిమ్మట మరల రొట్టె తెచ్చి వేరొకరికి ఈయవలెను. ఇచ్చువా రెవరో పుచ్చుకొనువా రెవరో, కుల మడుగువారు లేరు. మా అత్తగారు కొత్తకోడలుగా నున్నప్పుడు ఆ నీటిలో మోకాలిబంటి నిలిచి సంతానరొట్టె పుచ్చుకొనిరట. పుచ్చుకొన్న మరుయేడు పుట్టిన పిల్లయే మా వదినగారు. ఆ నాడు రొట్టె ఇచ్చిన బీబీగారి పేరైనను అడుగలేదే యని అత్తగారు ఇప్పటికిని నొచ్చుకొందురు.

“మా చేతులతో” అని మ్రొక్కుటయే చిక్కైనది. ఆ దినములలో హాజీ అలీ గోరీయున్న లోపలి మందిరమునకు స్త్రీలను పోనిచ్చుట లేదు. ఇది తొలినుండియు నున్న కట్టడి కాదు. 2011 మార్చిలో దగ్గరకు పోయివచ్చిన స్త్రీలే 2012 జూన్‌లో మరల పోగా వాకిట నడ్డు కట్టబడి యుండెనని వ్యాజ్యపత్రములలో కలదు. పరపురుషుని, అందును మహాత్ముని గోరీదాపునకు స్త్రీలు పోవుట ధర్మము కాదని దర్గావారి వాదము. భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ అను సంఘమునకు చెందిన నూర్జహాన్ సఫియా నియాజ్, జకియా సోమన్ అను నిరువురు స్త్రీలు 2014లో బొంబాయి హైకోర్టున వ్యాజ్యము వేసిరి. 2016 ఆగస్టు 26న న్యాయమూర్తులు కనడేగారును రేవతీ మోహితే డేరేగారును ఆ నిషేధము మన రాజ్యాంగపు 14, 15, 25 అధికరణములకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. దర్గావారు సుప్రీముకోర్టునకు పోయిరి గాని, తుద కదేయేట అక్టోబరు 24న స్త్రీలను పురుషులతో సమానముగ పోనిత్తుమని తామే చెప్పిరి. నవంబరు 29న స్త్రీలు మరల లోనికి పోయిరి. ముసల్మానుల వాకిళ్ళే మూసికొనియుండె ననుకొనరాదు. ఆ యేటనే ఏప్రిలులో, ఆ మహారాష్ట్రమునందే, శని శింగణాపురపు వేదికను స్త్రీలు ఎక్కుటకును న్యాయస్థానమే త్రోవ చేయవలసి వచ్చినది.

ఈ నడుమ అల్లుడుగారి చేత చాదరు పంపింపరాదా యని బంధువులు పలుమారు అత్తగారికి చెప్పిచూచిరి. “మగవాళ్ళ చేత పంపిస్తే అది వాళ్ళ మొక్కవుతుంది గాని నాదెట్లా అవుతుంది?” అనుటయే వారి జవాబు. త్రోవ తెరచిన పిమ్మటనైన వెంటనే పోవుట కాలేదు. 2017లో మామగారు గతించిరి. 2020లో కరోనా వచ్చి ఊరూర కోవెళ్ళును మసీదులును మూతవైచినది. ఆపైన అత్తగారి మోకాళ్ళు. తుదకు 2024 వేసవిసెలవులలో మావారికి బడి మూయగనే రేణిగుంటలో మెయిలుబండి ఎక్కి, గుంతకల్లు, షోలాపురముల మీదుగా బొంబాయి చేరితిమి. ముడుపు అత్తగారి బొడ్డున భద్రముగ నుండెను.

మే 23వ తేదీ వైశాఖపూర్ణిమ. గురువారము దర్గాకు మంచిది, పూర్ణిమ మనకు మంచిది, రెండును కలిసినవని అత్తగారు నిశ్చయించిరి. ఖాలా ఆ దినము తన కుమార్తె ఇంటికి పోయియుండెను. తలంటుకొని, మడిచీరలు కట్టుకొని, మధ్యాహ్నము కావచ్చువేళకు ఒడ్డునకు పోయిచూతుము గదా, దారి లేదు! కట్ట మొదట పదిబారలు కనబడి, ఆవల నీటిలో కలిసిపోయినది. ఎదుట తెల్లని గుమ్మటమును మీనారును సముద్రముపై తేలుచున్నట్లు కనబడుచున్నవి. ఒడ్డున మావలెనే నూర్లమంది, పూలబుట్టలు పట్టుకొని, నీటివంక చూచుచు నిలిచియున్నారు. ఇరువదియేండ్లుగా అచ్చటనే యున్న వదినగారికి ఈ సంగతి తెలియదా యని మాకు కొంచెము కోపము వచ్చినది. బొంబాయివారికి సముద్రము ఇంటి వెనుక ప్రహరీగోడవంటిది. ఉన్నదని తెలియును గాని దానివంక చూడరు.

చంద్రునికిని పోటునకును గల సంబంధము మనకు తెలియనిది కాదు. పూర్ణిమకును అమావాస్యకును పోటు పెద్దది, అష్టములకు చిన్నది. బొంబాయిలో పూర్ణిమనాడు నిండుపోటు నడిమధ్యాహ్నపు దాపున వచ్చును. దినదినమును సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగుచు, అష్టమినాటికి సాయంకాలమునకు పోవును. కావున అత్తగారు ఏరి ఏరి నిర్ణయించిన శుభముహూర్తము సముద్రము దారి మ్రింగు ముహూర్తమే యైనది.

ఆనాడు ఊరక మరలక, సమీపమున నున్న మహాలక్ష్మీ ఆలయమునకు పోయితిమి. ఆ తల్లి కథయు సముద్రపుకథయే. పదునెనిమిదవ శతాబ్దిలో హార్న్‌బీ అను గవర్నరుకాలమున మహాలక్ష్మికిని వర్లీకిని నడుమ సముద్రమునకు అడ్డుకట్ట వేయుచుండగా అది మాటిమాటికి తెగిపోవుచుండెనట. పని చేయించుచున్న రామ్‌జీ శివ్‌జీ యనునాతనికి స్వప్నమున దేవి కనబడి, నీటిలో నున్న తన విగ్రహములను వెలికి తీయుమనగా, అతడట్లు చేసి గుడి కట్టించిన పిమ్మట కట్ట నిలిచినదని చెప్పుదురు. ఆ కట్ట మీదుగా పోవు బాటయే నేటి లాలా లజపతిరాయ్ మార్గము. ఆలయపు వెనుకతట్టునుండి చూచిన దర్గా మరల కనబడును. అత్తగారు దేవికి నమస్కరించి, ఆ వెనువెంటనే అటు తిరిగి, “వచ్చే గురువారం” అని చేయెత్తి చెప్పిరి.

వచ్చు గురువారము అష్టమి! పంచాంగము చూచి అత్తగారు మరల తటపటాయించిరి. కుమార్తె యింటినుండి వచ్చిన ఖాలా ఇది విని పకపక నవ్వి, “మీ పంచాంగం వద్దంటుంది, సముద్రం రమ్మంటుంది; ఎవరి మాట వింటారు?” అన్నది. ఆమె హిందీ, అత్తగారి నెల్లూరి తురకమాట, నడుమ వదినగారి తర్జుమా. ఇట్లు వీరి సంభాషణ సాగుచుండును. తుదకు, ఆనాడు మధ్యాహ్నము కావచ్చువరకు సప్తమియే యున్నదని కనుగొని, అంతకుముందే పని ముగించుకొందమని సమాధానపడితిమి.

మే 30న ఎండ ముదురకమునుపే పోయితిమి. కట్ట మొదట ఇరుప్రక్కల అంగళ్ళు: గులాబిపూలు, అత్తరు, అగరువత్తులు, మిఠాయి, జిగిబిగి జరీ కుట్టిన చాదరులు. ఆకుపచ్చనిదొకటి అత్తగారు ఏరుకొనిరి. వెల వేయిరూపాయలు. “చూశావా, ముడుపుకు సరిగ్గా సరిపోయింది” అని సంతోషించుచు, అంగడివాని ఎదుటనే పసుపుగుడ్డ ముడి విప్పిరి. పదియేండ్లనాటి ముడి; పంటితో లాగవలసి వచ్చినది. నోట్లు చేత పుచ్చుకొని అంగడివాడు వానిని అటు నిటు త్రిప్పి, నవ్వక, మెల్లగ చెప్పెను: “అమ్మా, ఈ నోట్లు చచ్చి ఎనిమిదేళ్ళు కావస్తోంది.”

2016 నవంబరు 8 రాత్రి పాతనోట్లు చెల్లవని ప్రకటించిన సంగతి గృహిణు లెవ్వరును మరచియుండరు. మరుదినము ప్రతియింట పోపులడబ్బాలు, బియ్యపుకుండలు, చీరమడతలు వెదకి, దాచుకొన్నది భర్తల ఎదుట బయటపెట్టవలసి వచ్చెను గదా! మా అత్తగారి పోపులడబ్బాలోను అప్పుడు మూడువేల చిల్లర బయటపడినది. ముడుపు మాత్రము దేవుని అలమారలో నుండెను. ముడుపు విప్పరాదు గనుక దానిలో నున్నది నోట్లే యని ఒక్కరికైన తోచలేదు.

అత్తగారు ఆ నోట్లవంక చూచుచు నిలుచుండిపోయిరి. మావారు వెంటనే జేబులోనుండి సొమ్ము తీసిరి. అత్తగారు తల అడ్డముగ త్రిప్పిరి. వదినగారు సంచి విప్పబోగా, “నీ మొగుడి సొమ్మేగా అదీ” అనిరి. మా సంచిలోను నోట్లు కలవు గాని అవి మావారి జీతములోనివే. మేము నోరు మెదపలేదు. కుటుంబపింఛను అత్తగారి పేర వచ్చును గాని, ఆ పుస్తకము నెల్లూరిలో నున్నది. పదియేండ్లు మోసిన మ్రొక్కు, కట్ట మొదట, వేయిరూపాయలకొరకు ఆగిపోయినది. వెనుకనుండి జనము త్రోయుచున్నారు. పోటు మరల వచ్చులోపల పోయిరావలెను.

అప్పుడు ఖాలా తన బురఖాలోపలినుండి చిన్నసంచి తీసినది. ఆమె అంగళ్ళవారికి రవికెలపై అద్దపుకుట్టు కుట్టి ఇచ్చును. ఆ సొమ్ము ఆమెది. రెండు కొత్త ఐదువందల నోట్లు అంగడివాని బల్లపై పెట్టి, అత్తగారివంక తిరిగి, “అప్పు” అన్నది. ఆ మాట ఉభయులకును తెలిసిన తెలుగుమాటయే. అత్తగారు కొంతసేపు ఆలోచించి, “అప్పయితే సరే” అనిరి. రూపాయినాణెము ఇప్పటికిని చెల్లును గనుక దానిని చాదరు మడతలో పెట్టిరి. పాతనోట్లు మరల పసుపుగుడ్డలో కట్టి బొడ్డున దోపుకొనిరి.

కట్టకు ఇరువైపుల గోడలు గాని పట్టుకొనుటకు కమ్ములు గాని లేవు. పిల్లలతో పోవు తల్లులు వారి చేతులు విడువరాదు. గాలి విసురునకు పైటచెంగు తలపై నిలువదు. పిన్నుతో బిగించుకొని పోవుట మంచిది. పాటువేళ నల్లని బండలు బయటపడి, వానిపై పాచియు, పట్టణపు చెత్తయు కనబడినవి. సముద్రస్నానమునకు సంకల్పము చెప్పుకొని వచ్చువారి కది రుచింపదు. దారిపొడుగున బిచ్చగాండ్రు కూర్చుండియుందురు. చిల్లర మార్చి ఇచ్చు వర్తకమును అచ్చటనే జరుగుచుండును. ఒక ప్రక్క ఆ యేటి మార్చిలో ఒకభాగము తెరచిన కొత్త కోస్టల్ రోడ్డు పెద్దపెద్ద స్తంభములపై వంకరలు తిరుగుచు, దర్గాను ఒడిసిపట్టబోవునట్లు కనబడినది. ఒకప్పుడు దర్గాకు అన్నివైపుల సముద్రమే యుండెను గాబోలు. ఇక ముందు ఒడ్డు దానికి దగ్గరగ జరిగినను జరుగవచ్చును.

అత్తగారును ఖాలాయు ఒకరిచేయి ఒకరు పట్టుకొని ముందు నడచిరి. ఇరువురికిని మోకాళ్ళు నొప్పియే. నూరడుగులకొకసారి ఆగుదురు. అట్లు ఆగినప్పుడు ఖాలా మాకు ఆ మహాత్ముని కథ చెప్పినది.

సయ్యద్ పీర్ హాజీ అలీ షా బుఖారీ యనువారు బుఖారా దేశపు సంపన్నవర్తకులట. ఒకనాడు వీధిలో నొక పేదరాలు ఉత్తపాత్ర చేతబట్టుకొని యేడ్చుచుండగా కారణ మడిగిరి. నూనె తెచ్చుచు కాలుజారి ఒలుకబోసితి ననియు, ఇంటికి పోయిన మగడు కొట్టుననియు ఆమె చెప్పినది. ఒలికిన చోటు చూపుమని, అచ్చట నేలలో బొటనవ్రేలు గ్రుచ్చగా నూనె ఊటవలె పైకి చిమ్మెను. ఆమె పాత్ర నింపుకొని ఇంటికి పోయినది. కాని వారికి నాటినుండి నిద్రలేదు. భూమిని గాయపరచితినే యని కలలు. ఆ చింతతో తల్లిని అడిగి సోదరునితో దేశములు తిరిగి, ఈ తీరమునకు వచ్చి నిలిచిరి. సోదరుడు మరలిపోవునపుడు, తానిక రానని, క్షమింపుమని తల్లికి ఉత్తరము పంపిరట. మరణకాలమున, తన్ను నేలలో పూడ్చక శవపేటికను సముద్రములో విడువుడని శిష్యులకు చెప్పిరనియు, ఆ పేటిక కొట్టుకొనివచ్చి ఈ బండలకే తగిలి నిలిచినదనియు ఐతిహ్యము. గోరీ కట్టినది 1431లో నందురు.

అత్తగారు అంతయు విని, “ఆ నూనె సరేనమ్మా, ఇంటికి పోయాక ఆ మొగుడేం చేశాడు?” అని అడిగిరి.

ఖాలా నోరు తెరచి, మూసి, “అది ఎవ్వరూ చెప్పరు” అన్నది.

మేము చదివిన పురాణములలోను ఇట్టిచోట్లు చాల కలవు. ఋషి వరమిచ్చి పోవును. వరము పొందిన స్త్రీ ఆ సాయంకాలము వంట యేమి చేసినదో, ఎవరేమనిరో, కవి చెప్పడు. మేము నూనెగిన్నె ఒలుకబోసినప్పుడు గుండె ఎట్లుండునో ఎరిగినవారము గనుక అత్తగారి ప్రశ్న మాకు వింతగ తోచలేదు. భూమిని గాయపరచితినను ఆ మహాత్ముని చింత మాత్రము మనకు దగ్గరిది. ఉదయమున లేచి, అడుగు మోపుటకు ముందు భూదేవిని క్షమింపుమని వేడుకొనుట మా చిన్ననాట మా తాతగారు మాకు నేర్పిన మొదటి పాఠము.

ఆవరణములో చెప్పులు విడిచితిమి. ఎదుట తెల్లని కట్టడము, మక్రానా పాలరాతిది. తాజమహలునకు తెచ్చినది ఆ గనుల రాయియే. మీనారు ఎత్తు 85 అడుగులు. సముద్రపుటుప్పుగాలికి పాలరాయియు నలుగును గనుక మరమ్మతులు ఎప్పుడును సాగుచుండునట. స్త్రీలకు వేరుగ నొక వాకిలి కలదు. గురువారమగుటచే వరుస పెద్దది. వరుసలో మా ముందు గుజరాతీ కొత్తకోడ లొకతె, వెనుక పసిబిడ్డ నెత్తుకొన్న మరాఠీ తల్లి, ఆవల బురఖాలు, ఆవల సిక్కుమతపు ముసలమ్మ. అంత ఇరుకులోను పసిబిడ్డకు అందరును దారియిచ్చిరి.

లోపల కన్ను చెదరును. స్తంభములకు నీలము, ఆకుపచ్చ, పసుపు వన్నెల అద్దపుతునకలు పొదిగి, వాని నడుమ భగవంతుని 99 నామములు వ్రాసియున్నవి. మాకు ఆ లిపి రాదు. సహస్రనామములు నోటికి వచ్చినవారమగుటచే, నామములని చెప్పగనే చేతులు తమంతట తామే జోడించుకొన్నవి. నడుమ వెండిచట్రములో గోరీ. దానిపై ఎరుపు, ఆకుపచ్చ జరీచాదరులు, గులాబిరేకులు. వరుస నిలువనీయరు, కన్నులార చూచుటకు రెండు నిమిషములైనను దొరకవు.

అత్తగారును వదినగారును చెరియొక కొసను పట్టుకొని చాదరు అందించిరి. ముజావరుగారు దానిని పుచ్చుకొని పైన పరచిరి. మడతలోని రూపాయి జారి రాతిపై ఖణేలుమని పడినది. ఆయన దానిని తీసి కండ్ల కద్దుకొని హుండీలో వేసి, నెమలికుంచెతో అత్తగారి తలపై తట్టిరి. అత్తగారు ఏమి ప్రార్థించిరో తెలియదు. పదియేండ్లు తలచుకొన్నపని నిమిషములో అయిపోయినందున కాబోలు, వారి మొగమున సంతోషముకంటె తెల్లబాటే హెచ్చుగ కనబడినది. ఖాలా మాత్రము వెండిచట్రమువంక చూచుచు కన్నీరు కార్చుచుండెను. ఆమె చిన్నతనమున తల్లి చంకనెక్కి వచ్చిన చోటట. కావలివాడు కదలుడు కదలుడని తొందరపెట్టుచుండగా ఇరువురును ఒకరినొకరు ఆనుకొని బయటికి వచ్చిరి.

వెలుపల కవ్వాలీ పాడుచుండిరి. అది వినుచు వెనుకతట్టు బండలపై కూర్చుంటిమి. అచ్చటినుండి పడమట చూచిన నీరు తప్ప వేరొకటి లేదు. అంతలో నమాజునకు పిలుపు వినబడినది. పురుషులు కాలుచేతులు కడుగుకొని మసీదున వరుసలు తీరిరి. మావారు దూరమున నిలిచి చూచివచ్చి చెప్పిరి: మక్కా మనదేశమునకు పడమటనున్నది గనుక వారందరును మొగము త్రిప్పినది సముద్రమువైపునకేనట. ఖాలా అచ్చటనే బండపై నొక చిన్నతుండుగుడ్డ పరచుకొని, ఆ వైపునకే తిరిగి తన నమాజు చేసికొన్నది. ఆమె ముగించువరకు అత్తగారు ఆమె చెప్పులకు కావలి కాచిరి.

మేము మరలి వచ్చుచుండగా నీరు కట్టవైపునకు ఎగబ్రాకుచుండెను. అప్పటికి అష్టమి ప్రవేశించి చాలసేపైన దని మావారు నవ్వుచు అనిరి. అత్తగారు వినిపించుకొనలేదు. ఒడ్డున పండ్లరసము త్రాగి ఇల్లు చేరితిమి.

నెల్లూరు చేరిన వారములోనే అత్తగారు పింఛను తీసికొని, అప్పు తీర్చవలెనని పట్టుబట్టిరి. ఫోనులో క్షణములో పంపవచ్చునని మావారు చెప్పగా, చేతితో పుచ్చుకొన్న అప్పు ఫోనుతో తీర్చుట యేమనిరి. సంగతి వదినగారి ద్వారా ఖాలాకు తెలిసినది. “పంపవద్దు. రొట్టెలపండుగకు నేనే వచ్చి, ఆ చెరువునీళ్ళలో నిలబడి, చేత్తో పుచ్చుకుంటాను” అని ఆమె కబురంపినది. ఆ యేటి పండుగ జులైలో వచ్చెను గాని, కుమార్తె పురుడగుటచే ఖాలా రాలేకపోయినది.

కొత్తనోట్లు రెండును పసుపుగుడ్డలోనే యున్నవి, పాతవాని ప్రక్కన. ఈ మారు మాత్రము అత్తగారు నెలకొకసారి ముడి విప్పి చూచి, మావారిచేత చెల్లుననిపించుకొని, మరల ముడివేయుచున్నారు.